క్యాజువాలిటీలో ఆడ డాక్టరు

అన్నా కుగ్లర్ 1883 చివర్లో గుంటూరు చేరేసరికే ఆమెకు డాక్టరు పట్టా ఉంది. నాలుగేళ్ల కిందటే పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదువు ముగించింది. అయినా లూథరన్ మిషన్ ఆమెను వైద్యానికి పంపలేదు, ఆడవాళ్ల మధ్య బోధన పని చూసుకోమంది. జబ్బుపడ్డవాళ్లు ఆ ఏర్పాటును లెక్కచెయ్యలేదు, వైద్యం కోసమే ఆమె దగ్గరికి వచ్చారు. 1885లో మిషన్ కూడా ఆమెను వైద్యురాలిగా నియమించక తప్పలేదు. 1890ల చివరికల్లా స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి లేచింది. గుంటూరు వాళ్లకు అది నేటికీ కుగ్లర్ ఆసుపత్రే. ఆమె ఇక్కడికి ఓడెక్కిన 1883లోనే కలకత్తా నుంచి ఆనందీబాయి జోషి అదే కళాశాలలో చేరడానికి అమెరికా వెళ్లింది.

మగ డాక్టరు చెయ్యి తగలనివ్వని ఇళ్లలో కాన్పు అడ్డం తిరిగితే తల్లీబిడ్డల ప్రాణాల మీదికి వచ్చేది. అందుకే ఈ గడ్డ మీద ఆడ డాక్టరు మొదట అత్యవసర వైద్యురాలిగానే నిలబడిందని నేనంటాను. తర్వాతి తరాలు ఆమెను కాన్పుల గదికి కట్టేశాయి. 1906లో గుంటూరులో పుట్టిన కొమర్రాజు అచ్చమాంబ మద్రాసులో వైద్యం చదివారు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్లారు. అంతటి మనిషి పేరు కూడా వైద్యంలో తల్లీబిడ్డల సంరక్షణతోనే ముడిపడింది.

డాక్టరు ఎవరన్నది ఆడామగల లెక్కే కాదు, కులం లెక్క కూడా. 1946లో గుంటూరు మెడికల్ కాలేజీ వచ్చింది. అప్పట్లో మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, సీట్లు కమ్యూనల్ జీవో ప్రకారం కులాలవారీగా పంచేవారు. మెడికల్ సీటు విషయంగా చంపకం దొరైరాజన్ వేసిన కేసులో 1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అదే ఏడాది రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి రిజర్వేషన్లకు దారి తీసింది. ఆ దారినే మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు, చేనేత, గొర్రెల కాపరుల ఇళ్ల పిల్లలు తెల్లకోటు వేసుకున్నారు. దీన్ని కేవలం సీట్ల లెక్కగా చూసేవాళ్లు 1985 జూలై 17ను గుర్తు చేసుకోవాలి. కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన ఆ రోజు, బతికి బయటపడ్డవాళ్లు చీరాలకు పరుగెత్తారు. ఊరు ఊరంతా శత్రువైన మనిషికి గాయం కడిగే డాక్టరు తనవాడిలా కనబడటం కూడా చికిత్సలో భాగమే.

క్యాజువాలిటీ మాత్రం చాలాకాలం ఎవరి సొంతమూ కాలేదు. వంతులవారీ డ్యూటీ, రాత్రయితే హౌస్ సర్జన్లదే భారం. అత్యవసర వైద్యాన్ని ప్రత్యేక విభాగంగా అమెరికా 1979లో గుర్తిస్తే, మన మెడికల్ కౌన్సిల్ 2009లో గుర్తించింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ కథ మనకు పనికొస్తుంది. 1967లో అక్కడ ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ పేరుతో నల్లజాతి పేటల యువకులకే శిక్షణ ఇచ్చి అంబులెన్స్ ఎక్కించారు. తర్వాత వాళ్లకు వైద్య సారథిగా వచ్చిన నాన్సీ కరోలిన్ అనే డాక్టరు రాసిన పుస్తకం పారామెడిక్‌లకు పాఠ్యగ్రంథమైంది. అంత పేరు తెచ్చుకున్న సర్వీసును 1975లో మూసేశారు.

మనకు 2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సర్వీసు మొదలైంది. బండిలో పైలట్, ఈఎంటీ ఉంటారు. కాల్ సెంటర్ నుంచి డాక్టరు ఫోన్‌లో సలహా చెబుతారు.

పత్తి, మిరప చేలున్న పల్లెల నుంచి ఆ బండి తరచూ మోసుకొచ్చేది పురుగుమందు కేసు. నోట్లోంచి నురగ, గుండుసూది మొనంత కంటిపాప, గురగుర శ్వాస. మందు తడిసిన బట్టలు ముందు విప్పెయ్యాలి. ఒళ్లు, జుట్టు సబ్బునీళ్లతో కడగాలి, లేకపోతే విషం చర్మంలోంచి ఎక్కుతూనే ఉంటుంది. అట్రోపిన్ ఇస్తూ, చాలకపోతే కొద్ది నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గేదాకా వదలకూడదు. వచ్చింది ఇరవయ్యేళ్ల కోడలైతే? బట్టలు విప్పే దగ్గరే చేతులు ఆగుతాయి. తెర కోసం వెతుకుతారు, ఆయమ్మను పిలుస్తారు, బయట మగవాళ్లు తలుపు నెడతారు. పక్కన ఆడ డాక్టరుంటే ఆ నిమిషాలు దక్కుతాయి. మందు ఎందుకు తాగాల్సి వచ్చిందో ఆ పిల్ల నోరు విప్పేదీ చాలాసార్లు ఆమె దగ్గరే. మిరప కోతలకు కూలీలను తీసుకెళ్లే ఆటో బోల్తా పడినప్పుడూ అంతే, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే.

ఇవాళ మెడికల్ కాలేజీల్లో అమ్మాయిలకు కొదవ లేదు. పీజీ దగ్గరికొచ్చేసరికి ఇంటిల్లిపాదీ చెప్పేది ఒకటే మాట: "గైనిక్ తీసుకో తల్లీ, లేదంటే పిల్లల డాక్టరు. క్యాజువాలిటీ రాత్రిళ్లు మనకెందుకు?" ఆ భయాన్ని తీసిపారెయ్యలేను. తాగొచ్చి గొడవచేసే బంధువులు, గడియ లేని డ్యూటీ గది, దూరంగా ఉన్న బాత్రూమ్, వీటిని సరిచెయ్యకుండా అమ్మాయిలకు ధైర్యం లేదనడం అన్యాయం. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీ మధ్య కాసేపు నడుం వాల్చిన పీజీ వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపాక దేశమంతటా జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. పల్లెల్లోని ఏరియా ఆసుపత్రులకు ఆ కదలిక ఏ రూపంలో చేరాలో నాకు స్పష్టంగా తెలుసు: లోపల గడియ ఉన్న గది, గేటు దగ్గర రాత్రంతా కాపలా, షిఫ్టుకు ఒక్కరు కాక ఇద్దరు డాక్టర్లు. అత్యవసర వైద్యంలో పీజీ సీట్లు పెంచే ప్రతి జీవోలోనూ ఈ మూడూ షరతులుగా రాయాలి.