జారే చక్రాన్ని పట్టిన కథ

ఈసారి కొంచెం పొడుగు రాస్తున్నం. పొద్దున సైటుకు పోయే బస్సులో చదువుకోండి, ట్రాఫిక్ ఎట్లాగూ ఉంటది.

పోయిన నెల మా రూములో ఒక లొల్లి అయింది. జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు మాతోనే ఉంటడు, గ్యారేజీలో హెల్పరు. ఇంకో ఇద్దరితో కలిసి పాత హోండా సివిక్ కొన్నడు, మ్యాన్యువల్ గేర్లది. ఒకరోజు డబ్బా ఒకటి వచ్చింది. విప్పి చూస్తే రెండు ఇనుప దిమ్మెలు, వాటి నడుమ నాలుగు గట్టి స్ప్రింగులు. అంతా కలిపి అరచేతిలో పడుతది. "ఎల్.ఎస్.డి. ఇన్‌సర్ట్ అన్నా, ఇది వేస్తే బండి రేసు బండి అయితది" అన్నడు. దానికి ఆరు వందల దిర్హమ్‌లు పెట్టిండట. ఇంటికి పంపాల్సిన పైసలు పంపక ఇనుప ముక్కలు కొంటవా అని అందరం మీద పడ్డం. వాడు ఒక్కటే మాట అన్నడు: "అదేందో మీకు తెల్వదు. తెల్వకుండనే తిడుతున్రు."

మాట నిజమే. మేము పదో తరగతి చదివినోళ్లం, కాంక్రీటు, సరియా తెలుసు, గేర్‌బాక్సు లోపల ఏముంటదో తెల్వదు. అందుకే నెల రోజులు పట్టుకొని చదివినం, అడిగినం. తెలిసింది రాస్తున్నం.

మొదలు మన ఎడ్లబండి కాడ మొదలుపెడదాం. బండి మూల తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం పోతది, బయటి చక్రం ఎక్కువ దూరం పోతది. ఎడ్లబండికి ఇది బాధ కాదు. ఇరుసు కదలదు, చక్రాలు దేనికదే ఇరుసు మీద తిరుగుతయి, గుంజేది ఎడ్లు. మోటారు బండికి అట్ల కుదరదు. చక్రాలనే ఇంజను తిప్పాలె. రెండు చక్రాలను ఒక్క కడ్డీకి బిగించి తిప్పితే మూల మీద ఒక చక్రం రోడ్డును గీక్కుంట పోవాల్సిందే. 1827లో ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల పనాయన ఆవిరి బండి కోసం దీనికి ఉపాయం చేసి పేటెంట్ తీసుకున్నడు. పళ్ల చక్రాలతో పొద్దంతా కూసునేటోడు కాబట్టి తట్టింది కావచ్చు. తర్వాత 1877లో ఇంగ్లాండ్‌లో జేమ్స్ స్టార్లీ మూడు చక్రాల సైకిలుకు పెట్టిండు, 1885 నాటి కార్ల్ బెంజ్ మోటారు బండిలో కూడా ఇదే ఉపాయం ఉన్నది. అదే డిఫరెన్షియల్. మన లారీ మెకానిక్కులు క్రౌను, స్టార్ పినియన్ అంటరు చూడండి, అదే డబ్బా.

అయితే దాని సుఖంలోనే దాని రోగం ఉన్నది. డిఫరెన్షియల్ రెండు చక్రాలకు బలం సమానంగానే ఇస్తది. సమానం అంటే మంచిదే కదా అనుకుంటం. ఇద్దరు కలిసి సరియా కట్ట మోస్తున్నరనుకోండి. ఒకడు భుజం వదిలేస్తే రెండోడు ఎంత బలవంతుడైనా కట్ట ముందుకు పోదు. ఇది కూడా అంతే. ఒక చక్రం ఇసుకలో జారిందంటే దాన్ని తిప్పడానికి బలం పెద్దగా అక్కర లేదు. దానికి ఎంత తక్కువ పోతే గట్టి నేల మీదున్న రెండో దానికీ అంతే తక్కువ పోతది. ఒకటి గిరగిర తిరుగుతది, ఇంకోటి బొమ్మలాగ నిలబడతది. మనోళ్లలో ఇసుకలో పికప్ నూకనోడు ఎవడన్నా ఉన్నడా?

ఈ దేశం కథ కూడా ఈ ఇసుకలోనే ఉన్నది. ఎమిరేట్స్ 1971 డిసెంబర్ 2న ఒక్కటయినయి. అంతకు ముందు ఈ తీరాన్ని ట్రూషియల్ కోస్ట్ అనేటోళ్లు. బ్రిటిషోళ్లు 1951లో షార్జాలో ట్రూషియల్ ఒమాన్ లెవీస్ అని దళం పెట్టిన్రు, 1956లో స్కౌట్స్ అని పేరు మార్చిన్రు. వాళ్ల చేతుల ల్యాండ్ రోవర్లు, బెడ్‌ఫోర్డ్ లారీలు. దుబాయ్ నుంచి అబుదాబికి ఇప్పుడు మనం పోయే రోడ్డు అప్పుడు లేదు. సముద్రం ఒడ్డున గట్టి ఇసుక, లోపల సబ్ఖా, అంటే పైన ఉప్పు పొర, కింద బురద. నాలుగు చక్రాల బండి అని పేరే గాని, ముందొక డిఫరెన్షియల్, వెనుకొక డిఫరెన్షియల్, రెండూ మామూలువే. ముందు ఒక చక్రం, వెనుక ఒక చక్రం జారితే నాలుగు చక్రాల బండి కూడా అక్కడనే కూసుంటది. అప్పుడు పార, పలకలు, టైర్ల గాలి తీసుడు. ఇప్పటికీ డ్యూన్‌లోకి పోయేటోళ్లు మొదలు చేసే పని గాలి తీసుడే కదా.

ఈ రోగానికి మొదటి మందు లాకు. రెండు చక్రాలను కాసేపు ఒక్కటి చేసుడు. ఇది మనకు కొత్త కాదు. ఊర్ల దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక చక్రం దిగబడితే డ్రైవరు కాలి కింద చిన్న పెడలు తొక్కుతడు, రెండు చక్రాలు కలిసి తిరిగి బండి ఒడ్డెక్కుతది. ఒడ్డెక్కినంక పెడలు వదలకుండ మలిపితే ఏమయితదో నాయన తిట్లు తిన్నోళ్లకు తెలుసు. లాకు బురదలో దేవుడు, తారు రోడ్డు మీద శని.

కాబట్టి నడుమ రకం కావలసి వచ్చింది. సగం పట్టాలె, సగం వదలాలె. 1932లో ఫెర్డినాండ్ పోర్షే జర్మనీల ఆటో యూనియన్ రేసు కారు గీయడం మొదలుపెట్టిండు. పదహారు సిలిండర్లు. ఆ బలానికి గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కూడా వెనుక చక్రం ఒకటి ఊరికే తిరిగేదట. 1935లో జడ్.ఎఫ్. కంపెనీతో జారుడును అదుపు చేసే డిఫరెన్షియల్ చేయించిన్రు. అదే లిమిటెడ్ స్లిప్, పొట్టిగ ఎల్.ఎస్.డి. తర్వాత 1956లో అమెరికాల స్టూడ్‌బేకర్-ప్యాకార్డ్ మామూలు జనం కొనే కార్లల్లో పెట్టింది, మరుసటేడు జనరల్ మోటార్స్ షెవర్లే కార్లకు ‘పాజిట్రాక్షన్’ అని పేరు పెట్టి అమ్మింది. వీటిల క్లచ్ ప్లేట్లు ఉంటయి, అవి రాసుకొని పట్టు ఇస్తయి. 1958లో వెర్నన్ గ్లీస్‌మన్ అనే అమెరికా ఆయన ప్లేట్లు లేకుండ, మెలి తిరిగిన గేర్లతోనే పట్టు వచ్చే డిఫరెన్షియల్‌కు పేటెంట్ తెచ్చుకున్నడు. తర్వాత దాన్నే టోర్సెన్ అన్నరు.

ఇదంతా వెనుక చక్రాల కథ. మా తమ్ముని సివిక్ ముందు చక్రాల బండి. అసలు తిప్పలు ఇక్కడున్నది.

1959లో ఇంగ్లాండ్‌లో మినీ కారు వచ్చింది. ఇంజను అడ్డంగ, బలం ముందు చక్రాలకే. వెనుకకు పొడుగు షాఫ్టు అక్కర లేదు, లోపల జాగ మిగులుతది, ఖర్చు తగ్గుతది. ఈ లెక్క చూసి ప్రపంచమే మారింది. ఇక్కడ మనకు కనబడే నిస్సాన్ సన్నీ 1981లో ముందు చక్రాలకు మారింది, టయోటా కరోలా సెడాన్ 1983లో మారింది. మామూలుగ నడిపేటోనికి తేడా తెల్వదు. బలం పెంచినప్పుడే తెలుస్తది. ఆక్సిలేటర్ గట్టిగ తొక్కితే బరువు వెనుకకు పోతది, ముందు చక్రాలు తేలికయితయి. మూలలో ఇంకా లోపలి చక్రం మరీ తేలికయితది. బలం మొత్తం పొగయి పోతది. పైగా ఆ చక్రాలే బండిని మలిపేవి కూడా. అక్కడ పట్టు ఎక్కువ పెడితే స్టీరింగు చేతిలోంచి గుంజుకుంటది. కూలి ఒకడే, వానికి మోసే పని, దారి చూపే పని రెండూ పెట్టినట్టు.

అందుకే ముందు చక్రాల బండికి మంచి ఎల్.ఎస్.డి. రావడానికి చాలా ఏండ్లు పట్టింది. హోండా 1995లో ఇంటెగ్రా టైప్ ఆర్‌లో, 1997లో సివిక్ టైప్ ఆర్‌లో మెలి గేర్ల రకం, అంటే హెలికల్ రకం పెట్టింది. మన సన్నీకే అమెరికాల సెంట్రా అని పేరు, 1991లో దాని ఎస్.ఈ.-ఆర్ అనే జోరు మోడల్‌కు చిక్కటి నూనెతో పని చేసే రకం వచ్చింది. 2002లో ఫోర్డ్ ఫోకస్ ఆర్.ఎస్.కు ఇంగ్లాండ్ క్వైఫ్ కంపెనీ హెలికల్ డిఫరెన్షియల్ పెట్టిన్రు. బండి మూలలో అతుక్కొని పోయేది, కాని స్టీరింగు గుంజుడు గురించి రాయని పత్రిక లేదు. ఫ్యాక్టరీ ఇంజినీర్లు ఏండ్లు కూసొని చేసిన బండికే ఆ గుంజుడు తప్పలేదు. ఈ ముక్క తమ్ముడు రెండుసార్లు చదివిండు.

ఇక ఇన్‌సర్ట్ ఎందుకు పుట్టిందంటే, పైసలు లేనోని కోసం పుట్టింది. హెలికల్‌ది మొత్తం డబ్బా మార్చాలె, ఖరీదు. ఇన్‌సర్ట్ అయితే పాత డబ్బా అట్లనే ఉంచి, స్టార్ పినియన్ల నడుమ ఖాళీలో ఆ రెండు దిమ్మెలు, స్ప్రింగులు ఇరికిస్తరు. స్ప్రింగులు రెండు పక్కల గేర్లను బయటికి నూకుతయి, గేర్లు డబ్బా గోడకు ఒత్తుకుంటయి, ఆ రాపిడితో రెండు చక్రాలు కొంచెం కట్టేసినట్టు అయితయి. అంతే కథ. దీన్ని మోసం అనడానికి లేదు. హెలికల్‌కు ఒక లోపం ఉన్నది. ఒక చక్రం గాలిలో లేస్తే అది దాదాపు మామూలు డిఫరెన్షియల్ అయిపోతది, ఎందుకంటే అది ఉన్న పట్టును గుణించి ఇస్తది, సున్నాను ఎంతతో గుణించినా సున్నానే. స్ప్రింగులకు ఆ బాధ లేదు, ఎప్పుడూ ఒత్తుకొనే ఉంటయి. అందుకే కొన్ని హెలికల్ వాటిల కూడా లోపల స్ప్రింగు వాచర్లు పెడతరు.

ఇది తెలిసినంక మాకే కొంచెం సిగ్గయింది. పోరడు పిచ్చోడు కాదు.

ఒక ఆదివారం వాన్ని తీసుకొని షార్జా ఇండస్ట్రియల్ ఏరియా పోయినం. అక్కడ పాత సామాన్ల దుకాణాలు తెలుసు కదా, జపాన్ నుంచి సగం కోసిన కార్లు వస్తయి, ఇంజను, గేర్‌బాక్సు, ముఖం అన్నీ కలిపి. దగ్గర్లనే ఒక పఠాన్ ఉస్తాద్, ముప్పై ఏండ్ల సంది గేర్‌బాక్సులే విప్పుతున్నడు. చాయ్ తాగిచ్చి, బల్ల కిందికెల్లి ఒక డిఫరెన్షియల్ డబ్బా తీసిండు. ఇట్లాంటి ఇన్‌సర్టే వేసి నడిపిన బండిదట. గేరు ఒత్తుకున్న జాగ వేలుతో తడిమితే గుంత తగులుతున్నది. "స్ప్రింగుకు తెలివి లేదు బేటా" అన్నడు. "మూల తిరిగినా ఒత్తుతది, పార్కింగ్‌లో తిరిగినా ఒత్తుతది. అరిగినంక ఒత్తుడు తగ్గుతది, మళ్లీ పాత డిఫరెన్షియలే. అరిగిన పొడి ఏడికి పోతదనుకున్నవ్?"

అది మాకు తట్టని సంగతి. వెనుక చక్రాల బండికి డిఫరెన్షియల్ విడిగ ఉంటది, దాని నూనె దానిదే. ముందు చక్రాల బండిలో అది గేర్‌బాక్సు కడుపులోనే ఉంటది, ఒకటే నూనె. ఇనుప పొడి పోయి బేరింగులల్ల, గేర్లల్ల కూసుంటది. ఇంకో లెక్క కూడా ఉస్తాదే చెప్పిండు. ఇన్‌సర్ట్ వేయాలన్నా గేర్‌బాక్సు దించాలె, షాఫ్టులు పీకాలె, రెండుగ విప్పాలె. హెలికల్ వేయాలన్నా ఆ కూలి తప్పదు. అంటే అగ్గువ అయ్యేది సామాను ఒక్కటే, కూలి కాదు. సైటులో మనం రోజూ చూసేదే: అగ్గువ టైల్ తెచ్చినా మేస్త్రి కూలి అంతే, పగిలితే మళ్లీ కూలి.

వానల సంగతి కూడా ఉన్నది. 2024 ఏప్రిల్ 16న పడ్డ వాన యాదికున్నదా? అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజుకే 254 మిల్లీమీటర్లు. అట్లాంటప్పుడు ఒక చక్రం నీళ్లల్ల, ఒకటి రోడ్డు మీద. రెండింటినీ కట్టేసిన ముందు చక్రాల బండి స్టీరింగును ఒక దిక్కుకు గుంజుతది. తెలిసిన చెయ్యి అయితే పట్టుకుంటది. డ్యూటీ చేసి నిద్ర మత్తులో నడిపే చెయ్యి పట్టుకుంటదా?

రేసు ట్రాకు వేరే సంగతి. దుబాయ్ ఆటోడ్రోమ్ 2004లో మొదలైంది, 2006 నుంచి అక్కడ 24 గంటల రేసు జరుగుతున్నది. అందులో ముందు చక్రాల కార్లు కూడా ఉరుకుతయి. వాటికి ఎల్.ఎస్.డి. ఉంటది, కాని రేసుకూ రేసుకూ నడుమ విప్పి చూసే మనుషులు కూడా ఉంటరు. కొత్త రోడ్డు కార్లయితే ఇనుము జోలికి ఎక్కువ పోతలేవు. 2009 గోల్ఫ్ జీ.టీ.ఐ.లో కంప్యూటరే జారే చక్రానికి కొంచెం బ్రేకు వేస్తది, బలం రెండో దానికి పోతది. సరియా కట్ట వదిలేసినోని భుజం కిందికి ఇంకొకడు వచ్చి చెయ్యి పెట్టినట్టు.

పోలీసుల లెక్క కూడా చూసినం. 2017 రూల్ ప్రకారం అనుమతి లేకుండ ఇంజను, ఛాసిస్ మారిస్తే వెయ్యి దిర్హమ్‌లు, 12 బ్లాక్ పాయింట్లు, బండి 30 రోజులు లోపల. గేర్‌బాక్సు అందులకు వస్తదా రాదా అని వాదించేటంత ధైర్యం మా దగ్గర లేదు. బండి ముల్కియా ముగ్గురిలో ఒకని పేరు మీదనే ఉన్నది, ఏదన్నా అయితే వాడే నిలబడాలె.

ఉస్తాద్ తమ్మున్ని అడిగిండు, "ఏడ నడుపుతవ్?" అని. వీడు కాసేపు ఆలోచించి, "సోనాపూర్ నుంచి గ్యారేజీకి" అన్నడు. ఉస్తాద్ నవ్విండు, మేము నవ్వలేదు. వచ్చేటప్పుడు దారిలో టైర్ల దుకాణం ముందల ఆపి ముందు రెండు టైర్ల రేటు అడిగిండు. పాత టైర్లు గుండయి ఉన్నయి, అసలు జారుడు వాటిదే కావచ్చని ఉస్తాద్ లేచేటప్పుడు ఒక మాట అన్నడు లెండి.

ఇన్‌సర్ట్ డబ్బా ఇంకా మంచం కిందనే ఉన్నది. అమ్ముతడట, నాలుగు వందలకు ఎవరూ అడుగుతలేరు. పాసింగ్ వచ్చే నెల.