దేవాంగపిల్లి: నామవిచారము, రక్షణచరిత్రము

శ్రీరాముడు సీతాపహరణవార్తను ఇచ్చట వినెననియు, అందుచేతనే యిది వినుకొండ యయ్యెననియు మా యూరివారు చెప్పుదురు. రామకథవలన వానరజాతికి మనదేశమున గౌరవము కలిగినది. వానరములకు దూరబంధువయ్యు నా గౌరవమునకు నోచుకొనని ప్రాణి యొకటి శేషాచలాది దక్షిణాంధ్రారణ్యములందు గలదు. అదియే దేవాంగపిల్లి. సాదృశ్యమాత్రముచే నిర్ణయము చేయుటవలన దీనికి గలిగిన కీడును ఈ వ్యాసమున విచారింతును.

ఇది సుమారు పావుకిలో తూగును. తోక లేదు, కాలుసేతులు మిక్కిలి సన్ననివి, కన్నులు పెద్దవి, గుండ్రనివి. పగలు గుబురుకొమ్మలలో ముడుచుకొని నిద్రించి, రాత్రి చీమలను, పురుగులను దినుచు సంచరించును. దూకనేరదు, ఒక కొమ్మను బట్టుకొనియే మరియొక కొమ్మ నందుకొనును. అమరసింహుడు కోతికి జెప్పిన తొమ్మిది పేర్లలో శాఖామృగశబ్దము దీనియందు మిగుల నన్వర్థము.

తమిళులు దీనిని తేవాంగు అని మాత్రమే యందురు. కావున పిల్లిశబ్దము తెలుగువారు ఆకారసామ్యముచే జేర్చినదనుట యుక్తము. దేవుని యంగమను యోగార్థము పొసగదు గనుక దేవాంగశబ్ద మిచ్చట రూఢమే. కన్నడులు కాడుపాప, అనగా అడవిపాప, యని ముద్దుగా బిలుతురు. పాశ్చాత్యులును సామ్యమునే యాశ్రయించిరి. 1758లో లిన్నేయసు సింహళద్వీపపు జాతికి మందగామి యను నర్థమిచ్చు లాటిను పేరిడెను. 1796లో జోఫ్రా యుంచిన లోరిస్ అను పేరునకు మూలమైన డచ్చిపదము విదూషకార్థకమని చెప్పుదురు. మన దక్షిణదేశపు జాతికి 1908లో కబ్రేరా, లిడెక్కరను శాస్త్రజ్ఞుని పేర నామకరణము చేసెను.

పేరు తప్పినను ప్రాణము పోదు; వైద్యము తప్పిన బోవును. మదరాసు సైన్యవైద్యుడైన జెర్డను 1867లో ప్రకటించిన గ్రంథమున, ఈ ప్రాణిని సజీవముగా మదరాసు సంతకు దెచ్చుచుండిరనియు, దాని కన్నులను నేత్రరోగములకు మందుగా వాడుచుండిరనియు వ్రాసెను. పెద్దకన్నులు గలదగుటచే కంటిజబ్బును మాన్పునని తలచిరి కాబోలు! ఉపమానము కావ్యమున శోభించును గాని చికిత్సయందు ప్రమాణము గాదు.

1972 నాటి వన్యప్రాణిసంరక్షణచట్టము దీనిని మొదటి షెడ్యూలున జేర్చి, పట్టుటను, చంపుటను, అమ్ముటను నిషేధించినది. మేవాసింగు ప్రభృతులు దక్షిణాంధ్రమున దీని యునికిని బరిశీలించి 2000లో ప్రకటించిరి. దీనికి నివాసమైన శేషాచలము 2010లో జీవావరణరక్షితప్రదేశమైనది. 2022లో తమిళనాడు ప్రభుత్వము కరూరు, దిండిగల్లు జిల్లాలలో 11,806 హెక్టార్లను దీనికొరకే కడవూరు అభయారణ్యముగా నేర్పరచినది; భారతదేశమున దీనికి బ్రత్యేకింపబడిన మొదటి యభయారణ్య మదియే.

అయినను చట్టము వేటగాని నాపగలదు గాని తెగిన కొమ్మల నతుకజాలదు. అడవి నడుమ బాట పడి చెట్లు విడిపోయినచో, దూకనేరని యీ ప్రాణి నేలకు దిగి బండ్లక్రింద బడును. కావున బాటకిరువైపుల కొమ్మలు కలిసియుండునట్లు చూచుట దీనికి ముఖ్యరక్షణము. సముద్రమును లంఘించిన హనుమంతుని కథను బాలురకు బోధించు పండితులు, బాటనైనను లంఘింపలేని యీ శాఖామృగమునుగూర్చియు, ఇది పిల్లి గాదనియు, మందు గాదనియు నొకమాట చెప్పుదురుగాక యని ప్రార్థించుచున్నాను.