లష్కర్: స్థలనామాల్లో దండు చరిత్ర

సికింద్రాబాద్ చరిత్రను సంధిపత్రాలతో ప్రారంభించడం పరిపాటి. 1798లో రెండవ నిజాం నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన విడిసిన కంపెనీ దండుకు 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు వచ్చింది. అయితే దండును ఆశ్రయించి బ్రతికిన జనం ఆ ఊరిని 'లష్కర్' అన్నారు. పారసీకంలో ఆ మాటకు సైన్యమని అర్థం. పత్రాలలో కనిపించని జనజీవనానికి ఈ వాడుక పేరే ఆధారమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడి స్థలనామాలలో రెండు పొరలున్నాయి. తిరుమలగిరి, అల్వాల్, బోయినపల్లి వంటివి గ్రామనామాలు. రిసాలా బజార్, పికెట్, రెజిమెంటల్ బజార్ దండు పెట్టిన పేర్లు. రిసాలా అంటే అశ్వదళం. పికెట్ అంటే కావలి దళం. 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్లేయులు తిరుమలగిరిలో రక్షణ కందకాలు నిర్మించారు. వారి నోట ఆ ఊరు 'ట్రిమల్‌గెరీ' అయింది. బజారు పేర్లు మరొక సంగతి చెబుతున్నాయి: సిపాయి వెంట వర్తకుడు, చాకలి, దర్జీ, డోలీ మోసేవాడు కూడా వచ్చి స్థిరపడ్డారు.

అటువంటి సేవకుడొకని పేరు ఐతిహ్యంలో నిలిచింది. 1813లో సైన్యంతో ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య, కలరా తగ్గితే మహంకాళిని తన ఊరిలో ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడనీ, 1815లో తిరిగివచ్చి కొయ్యవిగ్రహాన్ని నిలిపాడనీ చెబుతారు. నేటికీ ఆషాఢంలో ఆ గుడి ఉత్సవం 'లష్కర్ బోనాలు'గానే ప్రసిద్ధం. పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి వినిపించే రంగం దానిలో ప్రధాన ఘట్టం.

రోగభయం సేవకునిదే కాదు, దండుదీ. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఇక్కడే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఒకే దండు జీవితం నుంచి ఒకవైపు మొక్కు, మరొకవైపు శాస్త్ర పరిశోధన పుట్టాయి. రాస్ కృషికి లిఖిత సాక్ష్యముంది. అప్పయ్య మొక్కుకు జనస్మృతి సాక్ష్యం.

1860లో రెసిడెంటు విడిదిగా కట్టిన బొల్లారం భవనం నేడు రాష్ట్రపతి నిలయం. కట్టడాలకు ఇలా కొత్త ప్రయోజనం, సంరక్షణ లభించాయి. వాడుక పేర్లకు ఆ రక్షణ లేదు. బస్తీల పేర్లు మారుతున్న ఈ కాలంలో వృద్ధుల నోటి నుంచి వాటిని సేకరించకపోతే, లష్కర్ చరిత్రలో దొరలు మిగులుతారు గాని డోలీ మోసినవారు మిగలరు.