ది బ్లాక్ జాకోబిన్స్

ట్రినిడాడ్‌లో పుట్టిన చరిత్రకారుడు సి.ఎల్.ఆర్. జేమ్స్ (1901–1989) రాసిన చరిత్ర గ్రంథం 'ది బ్లాక్ జాకోబిన్స్'. ఇది 1938లో లండన్‌లో వెలువడింది. కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సాన్ డొమాంగ్‌లో బానిసలు 1791లో లేవదీసిన తిరుగుబాటు, 1804లో స్వతంత్ర హైతీగా ఎలా నిలిచిందో ఇందులో ఉంది. జాకోబిన్లంటే ఫ్రెంచి విప్లవంలోని అతివాద పక్షం. ఆ పేరును జేమ్స్ నల్లజాతి తిరుగుబాటుదారులకు ఇచ్చాడు.

రచన

1932లో ఇంగ్లండ్ చేరిన జేమ్స్, నెల్సన్ పట్టణంలో మిత్రుడు, వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టంటైన్ ఇంట్లో ఉన్నాడు. క్రికెట్ వార్తలు రాస్తూ బతికాడు. పారిస్ వెళ్లి పాత దస్తావేజులు గాలించాడు. ఇదే కథతో అతను రాసిన నాటకం 1936లో లండన్ రంగస్థలమెక్కింది. ప్రధాన పాత్ర పాల్ రోబ్సన్ ధరించాడు.

ఇతివృత్తం

1789 నాటికి సాన్ డొమాంగ్‌లో సుమారు 5 లక్షలమంది బానిసలుండేవారు. ఎక్కువమంది ఆఫ్రికాలో పుట్టి, ఓడల్లో ఇక్కడికి చేరినవాళ్లే. వాళ్లు పండించిన చక్కెర, కాఫీ బోర్డో, నాంత్ రేవుల్లో దిగేవి. విప్లవం నడిపిన ఫ్రెంచి వర్తకవర్గం సంపదకు ఈ వ్యాపారమే పెద్ద ఆధారమని జేమ్స్ వాదించాడు.

కోతల కాలంలో చెరకు గానుగ రాత్రీపగలూ తిరిగేది. నిద్రమత్తులో గడలు అందిస్తుండగా చెయ్యి రోలర్ల మధ్య ఇరుక్కుంటే, మనిషిని కాపాడటానికి ఆ చేతినే నరికేవారు. అందుకోసం కరీబియన్ గానుగల దగ్గర గొడ్డలి సిద్ధంగా ఉంచేవారు. ఇలాంటి చోట వందలమంది కలిసి పనిచేయడం వాళ్లను ఆధునిక ఫ్యాక్టరీ కార్మికులకు దగ్గర చేసిందని, ఒక్కటిగా కదిలే శక్తి అక్కడే వచ్చిందని జేమ్స్ గుర్తించాడు.

తిరుగుబాటు ఒత్తిడితో 1793లో ఆ వలసలోనే విముక్తి ప్రకటన వచ్చింది. 1794 ఫిబ్రవరి 4న పారిస్‌లోని విప్లవ శాసనసభ కన్వెన్షన్ ఫ్రెంచి వలసలన్నిటా బానిసత్వాన్ని రద్దుచేసింది. ఆ సభలో సాన్ డొమాంగ్ ప్రతినిధిగా కూర్చున్న జాన్ బాప్తిస్త్ బెలే ఒకప్పుడు బానిస.

గ్రంథానికి నాయకుడు టూసాన్ లూవెర్తూర్. పుట్టుకతో బానిస, తర్వాత సేనాని, పాలకుడు. 1802లో నెపోలియన్ సైన్యం అతన్ని బంధించి ఫ్రాన్స్‌కు తరలించింది. మరుసటి ఏడు ఏప్రిల్ 7న జూరా కొండల్లోని ఫోర్ ద జూ కోటలో చనిపోయాడు. పోరాటం మాత్రం ఆగలేదు. 1804 జనవరి 1న టూసాన్ సేనానుల్లో ఒకడైన జాన్ జాక్ దెసలీన్ స్వాతంత్ర్యం ప్రకటించాడు.

ప్రభావం

బానిసలకు స్వేచ్ఛ యూరప్ దయాగుణం వల్ల దక్కిందన్న కథనాన్ని ఈ పుస్తకం గట్టిగా ఎదుర్కొంది. జేమ్స్ దగ్గర చదువుకున్న ఎరిక్ విలియమ్స్ 1944లో 'క్యాపిటలిజం అండ్ స్లేవరీ' రాసి, బ్రిటన్ విషయంలో జేమ్స్ వాదాన్ని ముందుకు తీసుకెళ్లాడు. 1963 ప్రచురణకు జేమ్స్, టూసాన్ నుంచి ఫిడెల్ కాస్ట్రో దాకా కరీబియన్ చరిత్రను చర్చించే అనుబంధం చేర్చాడు.

నాయకుడి చుట్టూ కథ ఎక్కువగా తిరిగిందన్న విమర్శ ఉంది. 1971 నాటి ఉపన్యాసాల్లో జేమ్స్ కూడా, మళ్లీ రాస్తే సామాన్య బానిసలకు మరింత చోటిస్తానన్నాడు. ఆ సామాన్యులను కేంద్రంగా పెట్టుకొని కెరొలిన్ ఫిక్ రాసిన 'ది మేకింగ్ ఆఫ్ హైతీ' 1990లో వెలువడింది.