మల్లప్పకొండ నుంచి మారికుప్పం దాకా: ఒక బంగారు పట్టీ చరిత్ర

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలు నెలకొన్న మెరక సీమ సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, మైసూరు పీఠభూమికి తూర్పు అంచుగా పరుచుకొని ఉంది. మూడు రాష్ట్రాల పొలిమేరలు కలుసుకొనే ఈ నేల పూర్వం కూడా ఒకే ఏలుబడిలో ఉన్నది కాదు. మదనపల్లె కడప జిల్లాలోనూ, పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ ఉండగా, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మాత్రమే ఇవి ఒక్కచోటికి చేరాయి. ఈ ప్రాంతానికి వచ్చే యాత్రికులకు సాధారణంగా చూపే స్థలాలు అందరికీ తెలిసినవే: ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్సిలీ వేసవి విడిది ఏర్పరచుకోగా ఆయన పేరే స్థిరపడిపోయిన హార్సిలీ హిల్స్, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు బస చేసి ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించిన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాల, పుంగనూరు జమీందారుల కట్టడాలు, కుప్పం గంగమ్మ జాతర. ఇవన్నీ చూడదగినవే. అయితే ఈ సీమ ప్రపంచ చరిత్రలో చోటు సంపాదించుకున్నది వీటి వల్ల కాదు, కుప్పం నుంచి రోడ్డు మీద గంట ప్రయాణం కన్నా ఎక్కువ లేని బంగారు గనుల వల్ల. ఆ గనుల కథలో కుప్పం వైపు నేలకూ, ఇక్కడి మనుషులకూ ఉన్న వాటా మాత్రం తగినంతగా చెప్పబడలేదు.

భూగర్భ శాస్త్రజ్ఞులు కోలారు షిస్టు పట్టీ అని పిలిచే శిలామేఖల ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున, కొద్ది కిలోమీటర్ల వెడల్పున సాగుతుంది. షిస్టు అంటే భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ లోనై పొరలు పొరలుగా మారిన రాయి. ఇక్కడి షిస్టు సుమారు 270 కోట్ల ఏళ్ళ నాటి లావా నుంచి ఏర్పడింది. ఆ నల్లని రాతిలో నిలువుగా దిగిన తెల్లని పలుగురాతి పొరలను గనివాళ్ళు ‘రీఫ్’ అంటారు. బంగారం ఎక్కువగా ఉండేది వీటిలోనే. ఈ పట్టీలో అత్యంత సంపన్నమైన నడిమి భాగం నేటి కర్ణాటకలో ఉండగా, దక్షిణపు కొస రాష్ట్ర సరిహద్దు దాటి కుప్పం సమీపంలోని గుడుపల్లె మండలంలోకి ప్రవేశించి, బిసానత్తం, చిగురుగుంట, మల్లప్పకొండల మీదుగా తమిళనాడు వైపు సాగుతుంది. బంగారానికి సరిహద్దులు తెలియవు కనుక, కె.జి.ఎఫ్. అని లోకమంతా పిలిచే కోలారు బంగారు గనులను ఒక్క కర్ణాటక పట్టణంగా కాక, మల్లప్పకొండ దాకా వ్యాపించిన ఒకే గనుల సీమగా చూడటమే సరైన దృష్టి.

ఇక్కడ తవ్వకం ఆంగ్లేయులతో మొదలు కాలేదు. పాత గనుల్లో దొరికిన కొయ్య ముక్కల కాలాన్ని రేడియో కార్బన్ పద్ధతిలో లెక్కించినప్పుడు అవి పదమూడు నుంచి పదిహేను శతాబ్దాల కిందటివని తేలింది. నాటివారు పలుగురాతిని మంటతో బాగా వేడిచేసి, ఆ వెంటనే నీళ్ళు చల్లి, బీటలు వారిన రాతిని ఉలులతో, సమ్మెటలతో ఊడదీసేవారు. ఆ విద్య తరతరాలుగా ఎంత సన్నగిల్లినా పూర్తిగా చావలేదనడానికి 1802 నాటి ఒక నివేదిక సాక్ష్యమిస్తుంది. టిప్పు సుల్తాను పతనం తరువాత మైసూరు తూర్పు సరిహద్దును కొలిచే పనిలో ఉన్న లెఫ్టినెంట్ జాన్ వారెన్, ఎర్రకొండ ప్రాంతంలో ఉండగా ఊరిగాం వద్ద మట్టిలో బంగారం దొరుకుతుందన్న వదంతి విని, దాన్ని చూపినవారికి బహుమతి ఇస్తానని ప్రకటించాడు. గ్రామస్థులు బండ్ల మీద మట్టి తెచ్చి ఆయన ఎదుటే కడిగి, అడుగున మిగిలిన బంగారు రేణువులను చూపించారు. మారికుప్పం వద్ద ఆయన చూసిన పని మరింత వివరమైనది: గోతిలోకి దిగిన మనుషులు రాళ్ళను తట్టల్లో ఒకరి చేతినుంచి ఒకరికి అందించుకుంటూ పైకి చేర్చగా, పైన కూర్చున్న ఆడవారు వాటిని బండ మీద పొడిగా దంచి, ఆ పొడిని నీటి దగ్గర కడిగేవారు. కోలారు బంగారానికి సంబంధించిన ఆధునిక కాలపు తొలి లిఖిత వర్ణనలో కనిపించేది ఒక కంపెనీ కాదు, పేరు నమోదు కాని ఈ స్త్రీ పురుషులే. తరువాత వచ్చిన ప్రతి పెట్టుబడిదారుడూ వారు చూపిన చోటనే తవ్వాడు.

వారెన్ నివేదికను దాదాపు డెబ్భై ఏళ్ళ తరువాత చదివిన మైకేల్ ఫిట్జెరాల్డ్ లవెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు, 1871లో బెంగళూరు నుంచి ఎడ్లబండిలో కోలారు సీమకు వచ్చి పరిశీలించి, 1875లో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకపు హక్కు పొందాడు. లోతుగా తవ్వే స్తోమత లేక ఆయన దాన్ని ఇతరులకు బదిలీ చేయవలసి వచ్చింది. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగప్రవేశం చేసినా మొదట ఫలితం కనిపించలేదు. మదుపుదారులు ఆశ వదులుకుంటున్న దశలో మైసూరు గని కెప్టెన్ ప్లమ్మర్ పాత గోతుల అడుగున తవ్వించి ఛాంపియన్ రీఫ్‌ను పట్టుకోవడంతో కథ మలుపు తిరిగింది. అనంతరం మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ గనులు ఈ సీమకు నాలుగు స్తంభాలయ్యాయి. 1894 నాటికి బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారుపేట, నుంచి మారికుప్పం దాకా రైలు మార్గం వచ్చింది. 1902లో శివసముద్రం జలపాతం దగ్గర ఉత్పత్తి చేసిన విద్యుత్తును సుమారు 147 కిలోమీటర్ల తీగల మీదుగా గనులకు చేర్చారు. అది ఆనాటి ప్రపంచంలో అతి దీర్ఘమైన విద్యుత్ మార్గాలలో ఒకటి. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు వెలిగింది ఆ తరువాత మూడేళ్ళకు.

గనుల లోపలి చరిత్ర పైన కనిపించే పట్టణ చరిత్ర కన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఛాంపియన్ రీఫ్ గని క్రమేణా 3 కిలోమీటర్లకు మించిన లోతుకు చేరి, ప్రపంచంలోని అత్యంత లోతైన గనుల సరసన నిలిచింది. అంత లోతున రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్‌ను దాటేది కాబట్టి చల్లబరచిన గాలిని పైనుంచి పంపవలసి వచ్చేది. అంతకన్నా భయంకరమైనది ‘రాక్ బరస్ట్’. పలుగురాతిని తొలిచి తీసిన మేర ఖాళీ ఏర్పడగానే, దాని చుట్టూ ఉన్న రాతి మీద పైనున్న కొండంత బరువు కేంద్రీకృతమై, రాయి ఒక్కసారిగా పేలి విరుచుకుపడటాన్ని ఈ మాటతో సూచిస్తారు. ఆ కుదుపు పైన ఇళ్ళలో ఉన్నవారికి కూడా తెలిసేది. గనిలోకి దిగినవారి కోసం ఇంట్లో ఎదురుచూస్తున్న కుటుంబానికి ఆ అదురు ఎటువంటి వార్త మోసుకొచ్చేదో ఊహించడం కష్టం కాదు. తొలిచిన ఖాళీలను గ్రానైట్ దిమ్మెల గోడలతో నింపి ఆపడం నుంచి, భూప్రకంపనలను యంత్రాలతో నమోదు చేయడం దాకా ఎన్నో ఉపాయాలు ఇక్కడ రూపుదిద్దుకున్నాయి. 1988లో జాతీయ శిలాయాంత్రిక సంస్థ ఇక్కడే స్థాపితం కావడం ఈ అనుభవ ఫలమే.

అదే లోతు విజ్ఞాన శాస్త్రానికి ఒక వరమైంది. అంతరిక్షం నుంచి వచ్చే ఇతర కణాలను పైనున్న రాయి అడ్డుకోగా, దేన్నైనా దూసుకుపోగల న్యూట్రినోలను గుర్తించడానికి అనువైన చోటుగా ఈ గనిని టాటా మౌలిక పరిశోధన సంస్థ ఎంచుకుంది. భూమి పైనుంచి 2 కిలోమీటర్లకు పైగా లోతున, జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞుల సహకారంతో అమర్చిన పరికరాలు 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను పట్టుకున్నాయి. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని మరొక బంగారు గనిలో కూడా అటువంటి ఫలితమే లభించింది. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్ వంటి శాస్త్రజ్ఞులు గని కార్మికులతో పాటు అదే పంజరపు లిఫ్టులో కిందికి దిగి పనిచేశారు.

ఇంతటి శ్రమకు చేతులందించినవారిలో అధిక సంఖ్యాకులు ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుంచి వలస వచ్చిన తమిళ దళితులు. వారి పక్కనే చిత్తూరు, కోలారు సీమల తెలుగువారూ పనిచేశారు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో కార్మికుల సంఖ్య ఇరవై వేలను దాటింది. అధికారులకు తోటల నడుమ బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం, చర్చి ఉండగా, కార్మికులకు వెదురు తడికలతో అల్లిన వరుస గుడిసెలు దక్కాయి. వీటిని ‘లైన్లు’ అనేవారు. మైసూరులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న డోనాల్డ్ రాబర్ట్‌సన్ పేర రాబర్ట్‌సన్‌పేట వెలసింది. రాతి ధూళి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ బారిన పడినవారి పేర్లతో ఏ వీధీ వెలవలేదు. 1930లో ప్రతి కార్మికుడి వేలిముద్రలూ తీసుకోవాలని కంపెనీలు తలపెట్టినప్పుడు, తమను నేరస్థులతో సమానం చేస్తున్నారని గనులన్నీ సమ్మెకు దిగి ఆ ప్రయత్నాన్ని తిప్పికొట్టాయి. కూలి పెంపు కోసం కాక ఆత్మగౌరవం కోసం జరిగిన ఈ సమ్మెకు భారత కార్మిక చరిత్రలో దక్కవలసినంత చోటు దక్కలేదు.

1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్ర ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకోగా, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. కుప్పం వైపున్న చిగురుగుంట, బిసానత్తం గనులు కూడా ఈ సంస్థ చేతిలోనే ఉండేవి. ఆరంభంలో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా దొరికిన బంగారం చివరి దశలో మూడు నాలుగు గ్రాములకు పడిపోయి, లోతు పెరిగినకొద్దీ ఖర్చు పెరిగి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికి ఈ పట్టీ నుంచి వెలికివచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. పని పోయినవారి పిల్లలు నేడు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగి వస్తున్నారు.

ఈనాడు ఇక్కడికి వచ్చే సందర్శకుల దృష్టిని ముందుగా ఆకర్షించేవి సైనైడ్ దిబ్బలు. పిండిగా దంచిన రాతి నుంచి సైనైడ్ ద్రావణంతో బంగారాన్ని కరిగించి తీశాక మిగిలిన బూడిదరంగు ధూళిని శతాబ్దానికి పైగా ఒకచోట పోయగా, సుమారు 3.3 కోట్ల టన్నుల పదమూడు కృత్రిమ గుట్టలు తయారయ్యాయి. వాన నీరు కోసిన సన్నని గాడులు వాటి వాలు పొడవునా దిగి ఉంటాయి; వేసవి గాలికి లేచిన ధూళి కార్మికుల లైన్ల మీదనే పడుతుంది. ఈ గనుల పేరుతోనే 2018లో విడుదలైన సినిమా తరువాత వీటి ముందు ఫొటోలు తీసుకొనేవారు పెరిగారు గాని, అది మనుషులు దంచిన రాయి అన్న స్పృహ కలిగించే ఫలకం ఒక్కటైనా అక్కడ ఉండవలసింది. భూగర్భ సర్వేక్షణ శాఖ జాతీయ భూగర్భ స్మారకాల జాబితాకెక్కిన దిండు లావాలు, అంటే నీటి అడుగున ఉబికి దిండ్ల ఆకారంలో గడ్డకట్టిన లావా శిలలు, గనులకు దగ్గరలోనే ఉన్నాయి. 1980లో ఆరంభమై 108 అడుగుల లింగంతో పేరు పొందిన కమ్మసంద్ర కోటిలింగేశ్వర క్షేత్రానికి భక్తుల రద్దీ ఎక్కువ. గనుల పట్టణానికి నీరందించిన బేతమంగళం చెరువు అంతకన్నా పాతది. దాన్ని నింపే పాలారు అక్కడి నుంచి దిగువకు సాగి, చిత్తూరు సీమలో కొద్ది దూరం ప్రవహించి తమిళనాడు చేరుతుంది. నోలంబుల కాలపు ఆలయాలున్న ఆవని, పుంగనూరు దారిలో తగిలే ముళబాగల్ కూడా ఇదే ప్రయాణంలో చూడవచ్చు.

కుప్పం వైపు నుంచి వెళ్ళేవారికి మల్లప్పకొండ సహజమైన తొలి మజిలీ. కొండ మీద శివాలయం, చుట్టూ అడవి, దిగువన చిగురుగుంట గని కట్టడాలు, బిసానత్తం రైల్వే స్టేషను మీదుగా సాగే 1864 నాటి జోలార్‌పేట–బెంగళూరు మార్గం ఈ సీమను ఒక్కచోట చదువుకోవడానికి వీలు కల్పిస్తాయి. కంగుంది జమీందారుల కొండకోట కుప్పానికి చేరువలోనే ఉంది. 1980లలో తరలివచ్చిన ఏనుగులకు ఆశ్రయంగా 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం కూడా ఈ చుట్టుపక్కలదే.

చిగురుగుంట–బిసానత్తం బ్లాకులో టన్నుకు సగటున 5 గ్రాముల బంగారం గల సుమారు 18 లక్షల టన్నుల ఖనిజం ఉందని అంచనా వేసి, వేలం ద్వారా దాన్ని ప్రభుత్వ రంగ గనుల సంస్థ ఎన్.ఎం.డి.సి.కి కేటాయించగా, అటు కర్ణాటకలో సైనైడ్ దిబ్బలను మళ్ళీ శుద్ధిచేసి మిగిలిన బంగారం తీసే ప్రతిపాదన ముందుకు వచ్చింది. ఉపాధి రావడం మంచిదే. అయితే యంత్రాలు దిగకముందే పాత గోతులను, షాఫ్టుల మీది ఇనుప గోపురాలను, కార్మికుల లైన్లలో కొన్నింటినైనా కొలిచి, గుర్తించి, రక్షిత కట్టడాలుగా ప్రకటించడం రెండు ప్రభుత్వాల బాధ్యత. పొరుగు రాష్ట్రాల సహకారంతో 1997లో కుప్పంలో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే గని కార్మికుల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేయడానికి ఎవరికన్నా తగిన సంస్థ. గనిలో ఆఖరి షిఫ్టు చేసినవారిలో అందరికన్నా చిన్నవారు సైతం నేడు నడివయసు దాటుతున్నారు కాబట్టి, ఈ పనిని ఇంకొక దశాబ్దం వాయిదా వేయడానికి వీల్లేదు.