వాటా లేని సరస్సు

అరవై ఏళ్ల కిందట దక్షిణ కాలిఫోర్నియాలో సెలవు దొరికిన జంటలు డేరా, చేపల గాలం కారులో వేసుకుని సాల్టన్ సీ అనే ఉప్పునీటి సరస్సుకు బయల్దేరేవి. అక్కడ ఎండాకాలం భరించడం కష్టం కాబట్టి చలికాలంలోనో, ఏప్రిల్‌లోనో వెళ్లేవారు. పొద్దున చల్లగా ఉండగానే మెక్కా కొండల్లోని పెయింటెడ్ కాన్యన్‌లో నడక. ఎరుపు, గులాబీ, పచ్చ చారల రాతిగోడల మధ్య సందులు కొన్నిచోట్ల ఎంత ఇరుకంటే ఇద్దరు పక్కపక్కన పట్టరు, ఒకరి వెనుక ఒకరు నడవాల్సిందే. ఎండ ముదిరేసరికి ఒడ్డుకు చేరి నీళ్లలో దిగేవారు. ఉప్పునీరు ఒంటిని తేల్చి పట్టుకుంటుంది కనుక ఈత అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు కూడా ధైర్యంగా లోపలికి వెళ్లేవారు. చీకటి పడ్డాక గాలానికి చిక్కిన కార్వినా చేపను నిప్పుల మీద కాల్చుకుని, ఇద్దరూ చుక్కల కింద కూర్చునేవారు. ఆ రోజు ఇప్పుడు ఏ జంటకూ దొరకదు.

ఆ సరస్సు పుట్టుకే ఒక పొరపాటు. కొలరాడో నది నుంచి ఇంపీరియల్ లోయ పొలాలకు నీళ్లు తెచ్చే కాలువ కోసం గట్టు తెగ్గొట్టినవాళ్లు వరదను ఆపే తలుపులు సరిగా పెట్టలేదు. 1905లో వరదలొచ్చి గండి పెద్దదైంది. నది దారి మళ్లి, సముద్రమట్టానికి బాగా దిగువనున్న ఎడారి పల్లంలోకి దూకింది. సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ బండ్ల కొద్దీ రాళ్లు పోసి 1907 ఫిబ్రవరికి గండి పూడ్చింది. అప్పటికే సాల్టన్ అనే ఊరు మునిగిపోయింది. టోరెస్ మార్టినెజ్ కవియా ఆదివాసీల భూమి వేల ఎకరాలు నీటిపాలైంది. ఆ పల్లంలో అంతకు ముందు కూడా సరస్సులు నిండి ఎండిన సంగతి కవియాలకు తరతరాలుగా తెలుసు. పాత ఒడ్డున వాళ్ల పూర్వీకులు చేపలు పట్టడానికి పేర్చిన రాళ్లు నేటికీ ఉన్నాయి.

గండి పూడ్చాక కొత్త సరస్సు కూడా ఎండిపోవలసిందే. దాన్ని బతికించింది పొలాల డ్రెయిన్ నీరు. రైతులు పారించిన నీటిలో మిగిలింది న్యూ రివర్, అలామో రివర్ గుండా వచ్చి చేరేది. 1950లలో కాలిఫోర్నియా గల్ఫ్ నుంచి కార్వినాను తెచ్చి వదిలారు, అది బాగా పెరిగింది. 1955లో ఈశాన్య ఒడ్డున రాష్ట్ర ప్రభుత్వం విహార కేంద్రం తెరిచింది. 1958లో పడమటి ఒడ్డున సాల్టన్ సిటీ పేరుతో ప్లాట్లు వేసి అమ్మారు. ఉత్తర ఒడ్డున వాస్తుశిల్పి ఆల్బర్ట్ ఫ్రే గీసిన యాట్ క్లబ్బు లేచింది, పడవ పందేలు జరిగాయి. ఏటా లక్షల మంది వచ్చేవారు. ఈ నీరు ఎక్కడిది, ఎన్నాళ్లుంటుంది అని ప్లాటు కొన్నవాళ్లు అడగలేదు, అమ్మినవాళ్లు చెప్పలేదు.

సరస్సులోకి నీరు రావడానికి దారులున్నాయి, బయటికి పోవడానికి ఒక్కటీ లేదు. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు ఉండిపోతుంది. పొయ్యి మీద మరిచిపోయిన చారులా ఏటికేడు ఉప్పు ఎక్కుతూ వచ్చింది. డ్రెయిన్ నీటితో వచ్చిన ఎరువులు తిని నాచు విపరీతంగా పెరిగేది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోయేది. గాలి బలంగా వీచిన రోజున అడుగునున్న విషవాయువు పైకి తేలేది, చేపలు గుంపులు గుంపులుగా చచ్చేవి.

దెబ్బలు వరసగా తగిలాయి. 1976లో కాథ్లీన్, మరుసటి ఏడు డోరీన్ తుపానులు తెచ్చిన వానలకు, ముందునుంచే పెరుగుతున్న నీరు ఒడ్డు దాటింది. బాంబే బీచ్ అనే ఊళ్లో ఇళ్లు మునిగాయి. 1992లో లక్షన్నర దాకా గ్రీబ్ పక్షులు చనిపోయాయి. 1996లో బోట్యులిజం అనే విషవ్యాధి సోకిన చేపలు తిని వేల పెలికాన్లు నేల రాలాయి. 1999 ఆగస్టులో దాదాపు 76 లక్షల తిలాపియాలు ఒక్కసారిగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. జంటలు చెప్పులు విడిచి నడిచిన తీరం మీద అప్పటి ఎముకలు, బార్నకిల్ గుల్లలు కలిసి తెల్లగా పరుచుకున్నాయి. దూరం నుంచి ఇసుకే అనిపిస్తుంది. కాలు పెడితే కరకరమని విరుగుతుంది.

ఆఖరి దెబ్బ కాగితం మీద పడింది. 2003లో కుదిరిన నీటి ఒప్పందం ప్రకారం ఇంపీరియల్ లోయ తన నీటిలో కొంత భాగాన్ని శాన్ డియేగో వైపు ఉన్న నగరాలకు ఇవ్వడం మొదలైంది. పొలాల్లో నీటిని పొదుపు చేశారు. పొదుపు మంచిదే, కానీ పొలంలో పొదుపైన ప్రతి చుక్కా డ్రెయిన్‌కు తగ్గినట్టే. సరస్సు తట్టుకోవడానికని కొన్నాళ్లు వదిలిన నీటిని 2017 చివర్లో ఆపేశారు. కార్వినా అంతకు ముందే కనుమరుగైంది. నీటి ఉప్పదనం సముద్రానికి రెండింతలు దాటింది. పడవలు దించిన రేవులు నీటికి దూరంగా మట్టిలో నిలబడ్డాయి. పెయింటెడ్ కాన్యన్‌కు ఆ తర్వాతా జంటలు వచ్చాయి. నడక మిగిలింది, ఈత పోయింది.

పోయింది ఈత ఒక్కటే అయితే కాలమహిమ అని సరిపెట్టుకోవచ్చు. తేలిన అడుగు మట్టిలో దశాబ్దాల పురుగుమందుల అవశేషాలు, ఆర్సెనిక్, సెలీనియం ఉన్నాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఊళ్ల మీద పడుతుంది. అక్కడ ఉండేవారిలో ఎక్కువ మంది లాటినోలు, వాళ్లలో చాలామంది అమెరికా తినే కూరగాయలు కోసే కూలీలు. ఉబ్బసంతో పిల్లలను ఆసుపత్రికి పరుగెత్తించడం రాష్ట్రంలో బాగా ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఇంపీరియల్ ఒకటి. దక్షిణ కొసన ఇప్పుడు పక్షులకు, చేపలకు తడి నేలలు తయారు చేస్తున్నారు. మంచి పనే, ఆలస్యంగా మొదలైన పని.

ఈ సరస్సును చంపాలని ఎవరూ అనుకోలేదు. కొలరాడో నీటిలో నగరాలకు ఎంత, పొలాలకు ఎంత అన్నది చట్టాల్లో, ఒప్పందాల్లో పక్కాగా రాసి ఉంది. సాల్టన్ సీకి మాత్రం సొంతంగా ఒక్క చుక్క హక్కు లేదు. మిగిలింది దానికి చేరింది, మిగలని రోజున అది ఎండింది. ఆ నీటిని అమ్మినవాళ్లకు డబ్బు వచ్చింది, కొన్నవాళ్లకు కుళాయి పారింది. ఊపిరితో మూల్యం చెల్లిస్తున్న పిల్లలు ఆ బేరంలో లేరు. అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఆ పిల్లలకు బాకీ ఉన్నారు. బాకీ తీర్చాల్సింది నీటితోనే.