పొరుగుసీమలలో తెలుగు పుస్తకము

తెలుగునాడు విడిచి తరతరములుగా తమిళ, కన్నడ, ఉత్కల, మహారాష్ట్ర దేశములలో నివసించుచున్న మనవారిని గూర్చి మాటాడునపుడు, వారు తల్లినేల నుండి భాషను వెంట తెచ్చుకొని ఏదో విధముగ కాపాడుకొనుచున్నారని చెప్పుట లోకమున పరిపాటి. ఈ మాట కొంతవఱకు నిజమే. కాని పుస్తకముల విషయమున చరిత్ర వేఱుగా నున్నది. తెలుగు పుస్తకము అచ్చురూపమున పుట్టినది తెలుగునాట కాదు. బాల్యమున పెరిగినదియు ఎక్కువగా పొరుగునేలలయందే. ఆ చరిత్రమును మాకు తెలిసినంతలో చదువరులకు మనవి చేయ సాహసించుచున్నాము. మేము పండితులము కాము. ఉద్యోగకాలమంతయు కచేరీలో దస్త్రములు వ్రాసి, కట్టి, భద్రపఱచిన గుమాస్తాలము. పోయిన కాగితము విలువ పోయిన పిదపనే తెలియునను సంగతి మాత్రము ఆ వృత్తిలో బాగుగ నేర్చుకొంటిమి.

అచ్చు రాకమునుపు మన గ్రంథములు చాలవఱకు తాటియాకులపైననే నిలిచినవి. తాటియాకు, శ్రీతాళపుటాకు అని ఆకులు రెండు విధములు. శ్రీతాళపుటాకు పలుచన, మెత్తన. ఆకులను కోసి, ఈనెలు తీసి, నానబెట్టియో ఉడికించియో నీడను ఆరబెట్టి, నునుపుచేసి, ఒకే కొలతకు కత్తిరించి, రంధ్రములు పొడిచి త్రాడు గ్రుచ్చెడివారు. ఇనుప గంటముతో వ్రాయగా ఆకుమీద గాటులు మాత్రమే పడును. మసియు ఆకుపసరును పూసి తుడిచినపుడు ఆ గాటులలో నలుపు నిలిచి అక్షరములు కనబడును. అడ్డగీతలు గీసిన ఆకు చీలునను భయముచేతనే మన అక్షరములు గుండ్రనైనవని పెద్దలు చెప్పుదురు.

ఇంత శ్రమపడి వ్రాసిన ఆకునకును ఆయుస్సు కలదు. మన దేశపు వేడికి, చెమ్మకు, పురుగునకు అది లొంగక తప్పదు. కావున కొన్ని తరముల కొకమాఱు పాతప్రతిని చూచి క్రొత్తప్రతి వ్రాయవలసియుండెను. వ్రాయసకాడు చివరి ఆకున తన పేరును, సంవత్సరమును, తిథిని వ్రాసి, తప్పులున్న మన్నింపుడని వేడుకొనెడివాడు. ఏ తరమున ఆ వ్రాయసకాడు దొరకలేదో ఆ తరముతో ఆ గ్రంథము అంతరించెను. తాళపత్రపు చరిత్రమంతయు ఈ ఒక్క వాక్యములో నున్నది.

అట్లు అంతరింపకుండ మన గ్రంథములను నిలిపిన స్థానములలో తంజావూరు ముఖ్యమైనది. తమిళదేశపు నడుమ, కావేరీతీరమున, రఘునాథ నాయకుడు (1600–1634), అతని కుమారుడు విజయరాఘవ నాయకుడు (1634–1673) తెలుగు కవులను పోషించిరి, తామును కవులైరి. చేమకూర వేంకటకవి విజయవిలాసము పుట్టినది అచ్చటనే. పిమ్మట వచ్చిన మహారాష్ట్ర రాజులు తెలుగును త్రోసివేయలేదు. శాహజీ మహారాజు (1684–1712) స్వయముగ తెలుగున యక్షగానములు రచించెను. రెండవ శరభోజి (1798–1832) గ్రంథాలయమును మిక్కిలి పెంపుచేసెను. అదియే సరస్వతీ మహలు గ్రంథాలయము. 1918వ సంవత్సరమున అది ప్రజల యుపయోగమునకు తెఱవబడెను. వస, లవంగము, దాల్చిన, మిరియము, నల్లజీలకఱ్ఱ మున్నగువాని పొడిని మూటగట్టి కట్టల నడుమ నుంచి పురుగును తొలగించు పద్ధతి అచ్చటివారిది. తమిళులు నివసించు నేలపై, మరాఠీ మాటాడు రాజుల యింట, తెలుగు గ్రంథములు బ్రదికినవి. మన భాష ఋణపడినవారి పట్టిక వ్రాసిన నందు పొరుగువారి పేర్లే ముందు వచ్చును.

ఇక అచ్చు సంగతి. షుల్ట్జ్ అను జర్మను మతబోధకుడు చెన్నపట్టణమున నుండి తెలుగు నేర్చెను. స్వదేశమునకు మరలిన పిమ్మట 1746వ సంవత్సరమున హాలె నగరమున క్రైస్తవమత సంబంధమైన చిన్న పుస్తకములను తెలుగు అక్షరములతో అచ్చువేయించెను. మన అక్షరము మొదట సీసమున నిలిచినది జర్మను దేశమునందనిన వింతగా నుండును గాని యిది యథార్థము.

తరువాతి ఘట్టము వంగదేశమున జరిగినది. కలకత్తా సమీపమున శ్రీరామపురమున విలియం కేరీయు నతని సహచరులును పెక్కు దేశభాషలకు అక్షరములు పోతపోయించిరి. 1812వ సంవత్సరము మార్చి 11వ తేదీ రాత్రి ఆ అచ్చుకూటము అగ్నిపాలయ్యెను. కాగితము, వ్రాతప్రతులు, పోతపోసిన అక్షరములు దగ్ధమైనవి. కాని కరగిన లోహపు ముద్దలు బూడిదలో దొరకినవి. వానినే తిరిగి పోతపోసి కొలది నెలలలో పని సాగించిరి. కేరీ తెలుగు వ్యాకరణము 1814లో ఆ అచ్చుకూటముననే వెలువడెను.

అగ్నిప్రమాదము జరిగిన ఆ 1812వ సంవత్సరముననే చెన్నపట్టణమున సెంటుజార్జి కోట కళాశాల ఏర్పడెను. ఇంగ్లండు నుండి వచ్చు యువక ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై కుంపిణీవారు దానిని స్థాపించిరి. కళాశాలకు అచ్చుకూటమును చేరెను. 1816లో క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణము అచ్చటనే అచ్చుపడెను. దక్షిణదేశ భాషలు సంస్కృతజన్యములు కావు, వేఱొక కుటుంబమునకు చెందినవని ఎల్లిస్ దొర వ్రాసిన ప్రసిద్ధ వ్యాసము ఆ వ్యాకరణమునకు చేర్చి ప్రకటింపబడినది. ఇట్లు తెలుగు అచ్చునకు చెన్నపట్టణము కేంద్రమయ్యెను.

తెలుగును అచ్చుకూర్చుట ఎంత కష్టమో నేటి పిల్లలకు తెలియదు. ఇంగ్లీషునకు స్వల్పసంఖ్యలో అక్షరపు దిమ్మెలు చాలును. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు అన్నియు కలిపి కొన్ని వందలు కావలెను. అవన్నియు కేసు గళ్ళలో వేఱువేఱుగ నుండును. కంపోజిటరు ఒక్కొక్క దిమ్మెను చేతితో తీసి, తలక్రిందుగ, అద్దములో ప్రతిబింబమువలె చదువుచు వరుసగా పేర్చవలెను. క్రిందికి వ్రేలాడు ఒత్తు విఱిగినను, జాఱినను పదమే మాఱిపోవును. 1980వ దశకమున మా సంఘపు సంచికకు ప్రూఫులు దిద్దుటకై మేము చెన్నపట్టణమున నొక అచ్చాఫీసునకు పోవుచుండెడివారము. అచ్చటి వృద్ధ కంపోజిటరు తమిళుడు. తెలుగు చదువగలడే గాని అర్థము తెలియదు. పండితుడొకరు రెండుమాఱులు దిద్ది పంపిన పుటలో ఒక ఒత్తు తప్పియున్నదని అతడు వ్రేలితో చూపెను. అర్థము తెలియకయే మీకెట్లు తెలిసినదని అడిగితిమి. ఆ పదమును నలువది యేండ్లుగ పేర్చుచున్నాను, దాని రూపము చేతికి తెలియునని బదులు చెప్పెను. తెలుగు పుస్తకమునకు పొరుగువారు చేసిన సేవ యనగా మాకు మొదట జ్ఞప్తికి వచ్చునది ఆ చేయియే.

ఆ తొలి అచ్చుకూటములు ఎక్కువగా ఉద్యోగులకును మతబోధకులకును కావలసిన పుస్తకములే అచ్చువేసినవి. మన కావ్యములపై దృష్టి సారించినవాడు సి. పి. బ్రౌను దొర. ఈయన 1798లో కలకత్తాలో జన్మించెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి తెలుగు నేర్చెను. వేమన పద్యములను 1829లో ప్రకటించెను. సొంతధనముతో పండితులను నియమించి, ఊరూర వ్రాతప్రతులు తెప్పించి, పాఠములు పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో చెన్నపట్టణమున వేపేరిలోని మిషను అచ్చుకూటమున అచ్చుపడెను. ఆయన కూర్చిన ప్రతులు చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరి నేటికిని పరిశోధకులకు ఆధారమగుచున్నవి. ఆ పనిలో జూలూరి అప్పయ్యశాస్త్రి మున్నగు పండితుల శ్రమ ఎంతయో కలదు. దొర పేరు తలచినపుడు వారి పేరును తలచుట ధర్మము.

1835వ సంవత్సరపు చట్టముతో అచ్చుకూటములపై నుండిన కట్టుబాటులు సడలినవి. అటుపై చెన్నపట్టణమున దేశీయుల అచ్చుకూటములు వృద్ధిపొందినవి. 1842లో వర్తమానతరంగిణి యను పత్రికను సయ్యదు రహమతుల్లా తెలుగున వెలువరించెను. నీతిచంద్రికను 1853లో ప్రకటించిన పరవస్తు చిన్నయసూరి శ్రీపెరుంబూదూరున జన్మించినవాడు. ఆయన సొంతముగ అచ్చుకూటమును నడపెను. నెల్లూరు సీమనుండి వచ్చిన వావిళ్ళ రామస్వామిశాస్త్రులు 1854లో చెన్నపట్టణమున పుస్తక ముద్రణ ప్రారంభించిరి. వారి కుమారుడు వేంకటేశ్వరశాస్త్రులు దానిని మిక్కిలి పెంచిరి. పురాణములు, ప్రబంధములు, శతకములు, వ్యాఖ్యానములు వారి అచ్చున వెలువడి దక్షిణదేశమంతట తెలుగిండ్లకు చేరినవి. కాగితము పొదుపు చేయుటకో, తాళపత్రపు అలవాటు చేతనో, ఆ కాలపు పుస్తకములలో పద్యములను పాదవిభాగము లేక వచనమువలె కలిపి అచ్చువేసెడివారు. పద్యారంభమున క., ఉ., సీ. అను గుర్తులే దారిచూపును.

ఈ వావిళ్ళవారి అచ్చునకే చెందిన ఒక వృత్తాంతము మన సంఘములవారు మఱవరానిది. తంజావూరి ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున ముద్దుపళని యను విదుషి రాధికాసాంత్వనమను కావ్యమును రచించెను. 1887లో అది అచ్చుపడెను గాని, అందు కొన్ని పద్యములు విడిచిపెట్టబడినవి. మైసూరు సీమయందలి నంజనగూడులో 1878లో జన్మించి, బెంగుళూరు పేరుతో ప్రసిద్ధురాలై, చెన్నపట్టణమున స్థిరపడిన గాయని నాగరత్నమ్మ ఆ లోపమును గుర్తించెను. వ్రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ళవారిచే సంపూర్ణముగ ప్రకటింపజేసెను. శృంగారము మితిమీఱినదని కొందఱు పెద్దలు నిందించిరి. ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను. ఆ నిషేధము 1947వఱకు తొలగలేదు. కావ్యపు గుణదోషములను పండితులు చర్చింతురు గాక. మాకు తోచునది వేఱు. మైసూరు సీమలో పుట్టిన స్త్రీ, తమిళదేశమున వ్రాసిన స్త్రీ తెలుగు కావ్యమును, ఒక్క వ్రాతప్రతిని చేతబట్టి నిలబెట్టెను. ఆ వ్రాతప్రతి దొరకకున్న విడిచిన పద్యములు విడిచినట్లే యుండును.

తక్కిన సీమలవారును ఈ సేవలో వెనుకబడలేదు. నేడు ఒడిశాలో నున్న పర్లాకిమిడి నుండి గిడుగు రామమూర్తి పంతులు 1919లో తెలుగు అను పత్రికను నడపిరి. లిపిలేని సవరభాషకు తెలుగు అక్షరములతో పుస్తకములు కూర్చిరి. బొంబాయిలో వ్యాపారము చేయుచుండిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రిక చేసిరి. 1924లో భారతి మాసపత్రికను స్థాపించిరి. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు తెలుగు నాటకమునకు జీవము పోసిరి.

1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిమ్మట ప్రచురణ క్రమముగ విజయవాడకును హైదరాబాదునకును తరలినది. ఇది సహజము, సంతోషకరము. సీసపు అక్షరముల కాలమును గడచినది. నేడు బాలురు సైతము చేతిలోని ఫోనులో తెలుగు అక్షరములు కూర్చుచున్నారు. కాని ఈ తరలింపులో పాతపుస్తకములు మన యిండ్లలోనే మిగిలిపోయినవి. అటుకలమీద, మందసములలో, దేవుని గదిలో, తెలుగు మాటాడగలిగియు చదువలేని పిల్లల నడుమ అవి పడియున్నవి.

ఇచ్చట మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది. మా తాతగారి కాలపు తాళపత్రముల కట్ట యొకటి మా యింటి అటుకమీద నుండెడిది. సరస్వతీపూజనాడు క్రిందికి దించి, పసుపు కుంకుమ పెట్టి, మరల పైన నుంచెడివారము. విప్పి చదివినవారు లేరు. ఇల్లు మారునపుడు, పురుగు పట్టినదని చెప్పి, మేమే దానిని తీసికొనిపోయి కావేరిలో విడిచితిమి. పుణ్యకార్యము చేసితిమనియే అప్పుడు తలచితిమి. ఉద్యోగమున ఒక పాతదస్త్రమును తగులబెట్టవలెనన్నను, పట్టిక వ్రాసి, పైయధికారి సంతకము తీసికొనక కాగితము తాకెడివారము కాము. ఇంట మాత్రము ఆ కట్ట పేరేమి, ఆకులెన్ని, ఎవరు వ్రాసిరి అను మూడు మాటలైన వ్రాసికొనలేదు. ఆ కట్టలోనిది అందఱికి తెలిసిన భాగవతమే కావచ్చును. వేఱెచ్చటను లేని గ్రంథమైనను కావచ్చును. ఇక చెప్పగలవారు లేరు.

కావున సోదరులకు మేము చేయు మనవి గొప్ప పథకము కాదు. గుమాస్తా చేయదగిన పని మాత్రమే. ప్రతి సంఘమును ఒక పద్దుపుస్తకము తెఱవవలెను. అందు గ్రంథము పేరు, కర్త పేరు, అచ్చుపడిన ఊరు, సంవత్సరము, అచ్చుకూటము లేక తాళపత్రమైనచో ఆకుల సంఖ్య, నేటి స్థితి, ఎవరి యింట నున్నది అను గళ్ళు చాలును. గ్రంథము ఇంటివారి సొత్తుగనే యుండవచ్చును. పద్దు మాత్రము సంఘమున నుండవలెను. పుటలను ఫోనుతో చిత్రము తీయుట పిల్లలకు వచ్చును. అక్షరము చదువుట పెద్దలకు వచ్చును. ఇద్దఱును ప్రక్కప్రక్కన కూర్చుండిన పని నెఱవేఱును, పిల్లలకు నాలుగక్షరములును వచ్చును. ఎండిన ఆకులను బలవంతముగ విప్పరాదు. నిమ్మగడ్డి నూనె పూసి మెత్తపఱచు పద్ధతి గ్రంథాలయములవారికి తెలియును. వారి నడిగి చేయుట మేలు.

దీనికి సరస్వతీపూజకంటె మంచిదినము లేదు. ఆనాడు ఏ యింటనైనను పుస్తకములు ఎట్లును క్రిందికి దిగును. మరల పైకి పోవుటకు ముందు వాని పేర్లు పద్దునకెక్కిన చాలును. సీసము కరగిన రాత్రి బూడిదలో వెదకి తిరిగి పోతపోసినవారు మనవారు కారు. ఒత్తు తప్పినదని వ్రేలితో చూపినవాడును మనవాడు కాడు. మన పుస్తకమునకై వారు పడిన శ్రమలో నూఱవపాలు మనము పడినను, పోవుటకు సిద్ధముగ నున్నది కొంత నిలుచును.